కేకకు ఒక పాట, బ్యాండుకు ఒక పాట

మా మామయ్య క్లారినెట్ మీద జనగణమన వాయిస్తే ఒకటిన్నర నిమిషం పట్టేది. సర్కారు లెక్క ప్రకారం 52 సెకన్లలో అయిపోవాలి. ఆ 38 సెకన్ల తేడా మీద 1975 ఆగస్టు 15న కందుకూరులో ఒక రభస జరిగింది. ముందు అది చెప్పి, తర్వాత అసలు గొడవకు వస్తాను.

మామయ్యది పెళ్ళిళ్ళ బ్యాండు మేళం. మా తాత సన్నాయి విద్వాంసుడు. మామయ్య మాత్రం చిన్నప్పుడే క్లారినెట్ పట్టి ఇంట్లో అలకలు తెచ్చాడు. కందుకూరు అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తది పెట్టినప్పుడు నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. రెండేళ్ళకు దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరుకు ఇచ్చారు. ఇన్ని మార్పుల్లోనూ మా అత్తయ్య చేపల పులుసులో మామిడికాయ ముక్క వేయడం మానలేదు.

ఆ రోజు ఒక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో జెండా ఎగరేస్తున్నారు. బడి పిల్లలతో పాడించే బదులు మేళం పెడితే దర్జాగా ఉంటుందని ఎవరికో తోచింది. తెల్లవారుజామునే ట్రంపెట్లను చింతపండుతో తోమారు. ఎర్ర కోట్లు వేసుకున్నారు. మామయ్య కోటు ఎడమ భుజం మీద జరీ పట్టీ ఊడిపోతే అత్తయ్య నల్ల దారంతో కుట్టింది, ఇంట్లో పసుపు దారం లేక. క్లారినెట్ మూతికి బిగించే రీడును నోట్లో పెట్టుకుని నానబెడుతున్నాడు కాబట్టి ఎవరేమడిగినా మామయ్య తల ఊపడమే తప్ప మాట లేదు.

జెండా ఎగిరింది. మేళం మొదలైంది. పెళ్ళికొడుకు కారు ముందు నడిచే నడక ఎలా ఉంటుందో ఆ నడకలోనే జనగణమన సాగింది. వాళ్ళ కాళ్ళకు, ఊపిరికి ఆ నడకే అలవాటు. సెల్యూట్ చేసిన పెద్ద అధికారి చెయ్యి ‘వింధ్య హిమాచల’ దగ్గరే వణకడం మొదలుపెట్టింది. ‘జయహే’ వచ్చేసరికి ఆయన చెయ్యి దించేశాడు. ఇంకా అయిపోలేదని తెలిసి మళ్ళీ ఎత్తాడు. జనం కిసుక్కున నవ్వారు. కార్యక్రమం కాగానే ఆయన మామయ్యను పిలిచి, “ఇది పెళ్ళి అనుకున్నావా?” అని అందరి ముందూ కేకలేశాడు. ఇస్తామన్న డబ్బులో సగమే చేతిలో పెట్టారు.

ఆ రాత్రి మామయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని క్లారినెట్ ముక్కలు విడదీసి గుడ్డతో తుడుస్తూ నాతో అన్నాడు: “ఒరే అబ్బాయి, పాడేవాడి పాట వేరు, వాయించేవాడి పాట వేరు. వందేమాతరం వాయించమంటే నేను అడుగుతాను, ఎవరి వందేమాతరం అని. ఎవరు పాడితే వాళ్ళ వరస. దీనికి ఆ బాధ లేదు. ఏ స్వరానికి ఏ వేలో ముందే రాసిపెట్టి ఉంది. నేను నెమ్మదిగా వాయించానేమో గాని తప్పు వాయించలేదు.”

అప్పుడు నాకు పదేళ్ళు. ఆ మాట విలువ తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు గొడవ. ఏటా ఆగస్టు, జనవరి నెలల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తప్పకుండా వస్తుంది. జనగణమన అయిదో జార్జి చక్రవర్తిని పొగుడుతూ రాసిన పాట అని, అసలైన జాతీయ గీతం వందేమాతరమని, మధ్యలో ఎవరో కుట్ర చేశారని. వెంటనే ఇంకో బావగారు వందేమాతరం ఒక మతం పాట అని ఎదురు సందేశం పెడతారు. మూడో ఆయన వచ్చి ‘ద్రావిడ ఉత్కళ వంగ’ అన్నాడే గాని ఆంధ్ర అనలేదేమని అడుగుతాడు. ఈ ముగ్గురూ పాటల అర్థం గురించే కొట్టుకుంటున్నారు. మన దేశానికి ఈ గీతం ఎలా వచ్చిందో పాత కాగితాలు చూస్తే, చివరి తీర్పు అర్థం మీద రాలేదు. బాణీ మీద వచ్చింది. ఇంకా సూటిగా చెప్పాలంటే, బ్యాండు మీద వచ్చింది. నా వాదన ఇంతే.

జార్జి సంగతి ముందు తేల్చేద్దాం. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభల రెండో రోజున రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన ఈ పాటను పాడారు. అదే రోజు చక్రవర్తికి స్వాగతం పలుకుతూ హిందీలో వేరే పాట కూడా పాడారు. ఇంగ్లీషు పత్రికలు రెండింటినీ కలిపేసి ఠాగూర్ రాజును కీర్తించారని రాశాయి. 1937లో ఠాగూర్ ఒక ఉత్తరంలో ఈ ముచ్చట చెప్పారు. రాజును పొగుడుతూ పాట రాయమని సర్కారులో పలుకుబడి ఉన్న ఒక స్నేహితుడు అడిగితే తనకు ఒళ్ళు మండిందని, యుగయుగాలుగా దేశాన్ని నడిపిస్తున్న భాగ్యవిధాత మీద ఈ పాట కట్టానని, ఆ విధాత అయిదో జార్జి గాని ఇంకో జార్జి గాని కావడం కుదరదని. పాటలో మనం పాడని మూడో చరణంలో ‘చిరసారథి’ అని పిలుస్తారు ఆ విధాతను. చిరకాలం రథం తోలే జార్జి ఎవరో మా బంధువులే చెప్పాలి.

ఇక వందేమాతరం. 1875 నవంబరు 7న రాసినట్టు లెక్కగట్టి, మొన్న 2025లో 150 ఏళ్ళ ఉత్సవాలు మొదలుపెట్టారు. బంకించంద్ర దాన్ని తన ‘ఆనందమఠం’ నవలలో చేర్చడంతో 1882లో పుస్తకరూపంలో జనం చేతికి వచ్చింది. 1896 కలకత్తా కాంగ్రెస్‌లో దాన్ని పాడింది ఎవరనుకుంటున్నారు? ఠాగూరే. రెండు పాటలను ఎదురెదురు పెట్టి కుస్తీ పట్టించేవాళ్ళు ఈ ముక్క దగ్గర కొంచెం ఆగితే బాగుంటుంది.

అయితే దేశమంతా పాకింది ఆ పాట కాదు. ఆ రెండు మాటలు. 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాక వందేమాతరం ఊరేగింపుల్లో నినాదమైంది. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మేడం కామా ఎగరేసిన జెండా మీద కూడా ఆ మాటే రాసి ఉంది. అదే ఏడు ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ మన ఆంధ్రలో తిరిగారు. రాజమండ్రిలో ఆయన ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యం చదివింది ఆ సభల్లోనే. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కత్తి దూశాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడ అలా ఆగిపోయింది. మే 31న కాకినాడలో ఒక పిల్లవాడు వందేమాతరం అన్నాడని కెంప్ అనే దొర వాడిని చావబాదితే, ఊరు ఊరంతా కదిలి దొరల క్లబ్బు మీద పడింది.

ఆ పిల్లవాడు పాట పాడలేదు. ‘సుజలాం సుఫలాం’ దాకా వాడికి వచ్చో రాదో. వాడు కేక వేశాడు. ఆరు అక్షరాలైనా లేని ఆ కేకకు శ్రుతి అక్కర్లేదు, తాళం అక్కర్లేదు, హార్మోనియం అక్కర్లేదు. పరిగెడుతూ అనొచ్చు. లాఠీ దెబ్బ తింటూ అనొచ్చు. 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో ఆ పాట పాడారని విద్యార్థులను గెంటేస్తే చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు, వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. అదే ఉద్యమంలో జైల్లో దెబ్బకొక వందేమాతరం అన్నందుకు రామచంద్రరావు అనే ఆయనకు అది ఇంటిపేరై కూర్చుంది.

అనధికారంగా జాతీయ గీతం కావాలంటే ఇదే అర్హత. ఒంటరిగా ఉన్నవాడి నోట్లో ఇమడాలి.

మా అమ్మమ్మ దగ్గర దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. ఆవిడ పేరాల ఆడబిడ్డ. చీరాల, పేరాలలను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. అమ్మమ్మకు అప్పుడు ఆరేడేళ్ళు. పాకలో వాన పడితే తాటాకు సందుల్లోంచి నీళ్ళు ఎక్కడ కారేవో కూడా చెప్పేది. మా కాలంలో బడిలో జనగణమన పాడతాం, మీ కాలంలో ఏం పాడేవారని ఒకసారి అడిగాను. ఆవిడ రోలు దగ్గర ఉంది. చెయ్యి ఆపకుండా, రోకటి పోటుకు సరిపోయేటట్టు, “మాకొద్దీ తెల్లదొరతనము దేవా” అని ఎత్తుకుంది. అది గరిమెళ్ళ సత్యనారాయణ పాట అని, దానికి ఆయన జైలుకు వెళ్ళాడని ఆవిడకు తెలియదు. అందులో ఎన్ని చరణాలున్నాయో అంతకన్నా తెలియదు. మూడు వచ్చు. ఆ మూడూ దంపుడు పాట వరసలోనే వచ్చు. తెలుగు రాని కలెక్టరు ఈ పాటను గరిమెళ్ళ చేతే పాడించుకుని విని, భాష తెలియకపోయినా ఇందులో పదును తెలుస్తోందన్నాడని ఒక కథ చెప్పుకుంటారు.

వందేమాతరానికి ఉన్న బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఎవరి వరస వారిదే. ఠాగూర్ కట్టింది దేశ్ రాగంలో. 1923లో మన కాకినాడ కాంగ్రెస్‌లో విష్ణు దిగంబర్ పలుస్కర్ పాడింది వేరే వరస. (అక్కడే అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ సంగీతం వద్దని అడ్డు చెప్పడం, పలుస్కర్ వినకుండా చివరిదాకా పాడటం జరిగింది. ఆ సభ సంగతి ఒక్కటే ఒక వ్యాసమవుతుంది.) ఇంకా ఎందరో ఎన్నో బాణీలు కట్టారు. పాడేవాళ్ళకు అది స్వేచ్ఛ. మామయ్య లాంటి వాళ్ళకు మాత్రం తలనొప్పి.

జనగణమన దారి వేరు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె వచ్చి, అక్కడి థియసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఒక సాయంత్రం ఠాగూర్ పాట పాడి వినిపిస్తే, పిల్లలు ‘జయహే’ దగ్గర గొంతు కలిపారు. మార్గరెట్ ఆ బాణీని స్వరాలతో కాగితం మీద పెట్టారు. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ‘భారత ప్రభాతగీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ తర్వాత మూడు నెలలకే, జలియన్‌వాలాబాగ్ ఘోరం విని, రాజు ఇచ్చిన సర్ బిరుదు వదిలేశారు. మన రాయలసీమ ఊళ్ళో ఒక ఐర్లండ్ ఇల్లాలు పెన్ను పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రమే ఈ పాటకు జాతకం మారిందని నా నమ్మకం. నోటి పాట కాగితం మీద పడింది. కాగితం మీద పడ్డది ఎక్కడికైనా పోతుంది, ఏ వాయిద్యం మీదైనా పలుకుతుంది.

పోయింది కూడా. 1942 సెప్టెంబరు 11న జర్మనీలోని హాంబర్గ్‌లో, సుభాష్ చంద్రబోస్ ఉన్న ఒక సభలో, ఆ ఊరి ఆర్కెస్ట్రా దాన్ని భారత జాతీయ గీతంగా వాయించింది. స్వాతంత్ర్యం రావడానికి అయిదేళ్ళ ముందు సంగతి ఇది. మరుసటి ఏడు ఆజాద్ హింద్ ప్రభుత్వం పెట్టాక బోస్‌కు సంస్కృత మాటలు బరువనిపించాయి. సిపాయిలకు అర్థమయ్యే హిందుస్తానీలో కావాలన్నారు. ‘శుభ్ సుఖ్ చైన్’ అని కొత్త మాటలు కట్టినవాళ్ళలో ఒకరు మన హైదరాబాదు వాడు, ఆబిద్ హసన్. జైహింద్ నినాదం కూడా ఆయనదే అంటారు. మాటలన్నీ మారాయి. బాణీ మాత్రం దాదాపు అదే. కెప్టెన్ రామ్ సింగ్ బ్యాండు మీద దాన్ని నడిపించారు. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను అడగను. బోస్ పాటను మార్చారు, స్వరాన్ని ఉంచుకున్నారు.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభ వందేమాతరంతోనే మొదలైంది. సుచేతా కృపలానీ పాడారు. మన చెవిన పడ్డ స్వాతంత్ర్యం ఆ పాటే. అంతవరకూ సర్కారు కొలువుల్లో, దండుల్లో మోగిన గీతం ‘గాడ్ సేవ్ ది కింగ్’. అది పోయాక దాని చోట ఏం వాయించాలో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఏడే న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి సమావేశాలప్పుడు, మీ జాతీయ గీతం ఇవ్వండి, వాయించాలి అన్నారు మన వాళ్ళను. మన వాళ్ళ దగ్గర జనగణమన రికార్డు ఉంది. అదే ఇచ్చారు. అక్కడి ఆర్కెస్ట్రా సాధన చేసి వాయిస్తే, విన్న దేశాల వాళ్ళు మెచ్చుకుని స్వరాలు రాసిన కాగితం అడిగారట. అక్కడినుంచి మన సైన్యం బ్యాండ్లు, రాయబార కార్యాలయాలు దాన్నే వాడటం మొదలుపెట్టాయి.

1948 ఆగస్టు 25న నెహ్రూ ఈ విషయమే రాజ్యాంగ సభలో చెప్పారు. వందేమాతరం దేశపు మొదటి పాట అని, దాని స్థానానికి ఇంకేదీ రాదని ఒప్పుకున్నారు. జాతీయ గీతం విషయంలో మాత్రం మాటల కన్నా బాణీ ముఖ్యమని, అది బ్యాండు మీద, ఆర్కెస్ట్రా మీద, విదేశాల్లో కూడా పలకాలని, వందేమాతరం బాణీ ఆ పనికి కుదరదని అన్నారు. అప్పటికే గవర్నర్లను అడిగితే, ఒక్క సెంట్రల్ ప్రావిన్సెస్ తప్ప మిగతావాళ్ళందరూ జనగణమనకు సరేనన్నారు. నెహ్రూ మీద నాకు ఫిర్యాదులు బోలెడు. ఈ ఒక్కదానిలో మాత్రం ఆయన మా మామయ్య మాటే మాట్లాడాడు.

వందేమాతరం వైపు నిలబడ్డ వాళ్ళలోనూ ఈ సూక్ష్మం పట్టుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. మరాఠీ గాయకుడు మాస్టర్ కృష్ణారావు ఫులంబ్రికర్. అందరూ అర్థం గురించి ఉపన్యాసాలిస్తుంటే ఆయన మాత్రం వందేమాతరానికి బ్యాండు మీద పలికే బాణీ కట్టి, ఢిల్లీ దాకా వెళ్ళి పెద్దలకు వినిపించాడు. ఓడిపోయాడు గాని, ఆ ఆటలో పందెం దేని మీద ఉందో తెలిసి ఆడింది ఆయనే.

అర్థానికి ఏ పాత్రా లేదని అంటే అబద్ధమవుతుంది. వందేమాతరంలో దుర్గ ప్రస్తావన వచ్చే తర్వాతి చరణాల మీద ముస్లింలకు అభ్యంతరం ఉండేది. 1937 అక్టోబరులో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. అది అర్థం మీద జరిగిన తగవే, ఆ గాయం చిన్నదీ కాదు. కానీ ఆ రెండు చరణాలతోనే కొనసాగి ఉంటే 1950లో దాన్ని గీతంగా ప్రకటించడానికి అది అడ్డమయ్యేది కాదేమోనని నా అనుమానం. రెండు చరణాలకు అందరూ కలిసి వాయించగలిగే ఒకే ఒక్క బాణీ అప్పటికి ఉండి ఉంటే కథ వేరుగా నడిచేది.

1950 జనవరి 24న రాజ్యాంగ సభలో అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ చేసిన ప్రకటన చదివారా ఎప్పుడైనా? ఓటింగు లేదు, చర్చ లేదు, తీర్మానం కూడా లేదు. ఆయన లేచి ఒక ప్రకటన చేశారు, సభ చప్పట్లు కొట్టింది. జనగణమన అనే మాటలూ సంగీతమూ కలిసిన రచన జాతీయ గీతమని, అవసరాన్ని బట్టి ప్రభుత్వం మాటల్లో మార్పులు చేసుకోవచ్చని, స్వాతంత్ర్య పోరాటంలో చారిత్రక పాత్ర వహించిన వందేమాతరానికి సమాన గౌరవమని దాని సారం. మళ్ళీ చూడండి. మార్పులు మాటల్లో చేసుకోవచ్చు. సంగీతం ఊసు లేదు. ఏది కదలదో, ఏది కదలవచ్చో ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ‘సింధు’ తీసేయాలని 2005లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళు కూడా మాట గురించే వెళ్ళారు. కోర్టు ఒప్పుకోలేదు. బాణీ మార్చాలని మాత్రం ఎవరూ వెళ్ళినట్టు నేను వినలేదు.

ఇది మన ఒక్కరి కథా కాదు. అమెరికా వాళ్ళ గీతం బాణీ లండన్‌లో ఒక క్లబ్బు పెద్దమనుషులు పాడుకున్న పాటది. దాన్ని జాతీయ గీతంగా చట్టం చేసింది 1931లో. అంతకుముందు వాళ్ళు చాలాకాలం ఇంగ్లండు రాజు పాట వరసలోనే తమ దేశభక్తి పాట పాడుకున్నారు, ఆ రాజుతో యుద్ధం చేసి గెలిచాక కూడా. జర్మనీ ఇవాళ వాయించే బాణీని హైడెన్ 1797లో ఆస్ట్రియా చక్రవర్తి కోసం కట్టాడు. చక్రవర్తి పోయాడు, మాటలు మారాయి, ఇప్పుడు మూడో చరణమే పాడతారు, స్వరం అదే. సోవియట్ రష్యాది ఇంకా విచిత్రం. స్టాలిన్ పేరున్న గీతాన్ని ఆయన పోయాక పాడలేక, మార్చలేక, 1977 దాకా మాటలు లేకుండా వాయించి గడిపారు. 2000లో రష్యా అదే బాణీకి మూడోసారి మాటలు రాయించుకుంది. రాసింది మొదటిసారి రాసిన కవే, సెర్గేయ్ మిహల్కోవ్. ముగ్గురు దేవుళ్ళకు ఒకే పూజారి. స్పెయిన్ గీతానికైతే మాటలే లేవు.

మన తెలుగువాళ్ళకు ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ను తిరుపతి వాడు శంకరంబాడి సుందరాచారి 1942లో ఒక సినిమాకు రాశారు. సినిమా వాళ్ళు వద్దన్నారు. టంగుటూరి సూర్యకుమారి, అంటే మన ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు, గ్రామఫోను రికార్డుకు పాడారు. రికార్డు తిరిగినకొద్దీ పాట తిరిగింది. 1975లో హైదరాబాదు ప్రపంచ తెలుగు మహాసభల్లో పాడి రాష్ట్ర గీతంగా నిలబెట్టారు. మా మామయ్యకు సగం డబ్బు పోయిన ఏడే. సినిమా వద్దన్న పాటను రికార్డు నిలబెట్టింది. బ్యాండు చేసే పనిని ఇక్కడ గ్రామఫోను చేసిందన్నమాట.

ఇన్ని చెప్పి, నాకే అడ్డం తగిలే ఒక సంగతి దాచుకోవడం బాగుండదు.

మొన్న గణతంత్ర దినం నాడు నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ కింద జెండా ఎగరేశాం. ఇప్పుడు మేళాలు లేవు, చిన్న బ్లూటూత్ స్పీకరు ఉంది. ఒక కుర్రవాడు తన ఫోనులోంచి సైనిక బ్యాండు వాయించిన జనగణమన పెట్టాడు. నిఖార్సైన 52 సెకన్లది. ‘ద్రావిడ ఉత్కళ’ దాటి ‘వింధ్య’ దగ్గరకు వచ్చేసరికి వాడి ఫోను మోగింది. గీతం ఆగిపోయి, స్పీకరులోంచి ఒక సినిమా పాట పల్లవి గట్టిగా వచ్చింది. వాడు కంగారులో ఫోను కింద పడేశాడు. అది పార్కింగులో కారు కిందకు జారిపోయి అక్కడినుంచి మోగుతూనే ఉంది.

ఎవరూ కదల్లేదు. చెయ్యి దించాలో వద్దో తెలియని ఆ నాలుగు క్షణాల్లో, మూడో అంతస్తు మామ్మగారు, ఎనభై దాటిన మనిషి, ‘హిమాచల యమునా గంగా’ అని ఎత్తుకున్నారు. ఆవిడ శ్రుతికి మేం అందుకోలేకపోయాం. వెనకనుంచి ఇంకొకాయన రెండు మెట్లు కింద పాడుతున్నాడు. పిల్లలు పరుగెత్తుతున్నారు, పెద్దవాళ్ళు లాగుతున్నారు. బ్యాండు కోసం ఎంచిన పాట బ్యాండు చచ్చిపోతే మళ్ళీ గొంతుల మీద పడింది. ఎవరి వరస వారిదే. ఒక్క నిమిషం పాటు జనగణమన అచ్చం వందేమాతరంలా అయిపోయింది. నా వాదనకు అది ఎటువైపు సాక్ష్యమో నేనింకా తేల్చుకోలేదు.

చివరి ‘జయహే’ దగ్గర మామయ్య గుర్తుకొచ్చాడు. నాకు హార్మోనియం మీద జనగణమన నేర్పింది ఆయనే. స రి గ గ గ గ గ గ గ గ, గ రి గ మ. మొదటి వరుసలో తొమ్మిది గాంధారాలు వరసగా వస్తాయి. వేలు ఒక్క మెట్టు మీద ఉంచి కొడుతుంటే ఇదేం పాట మామయ్యా అని నవ్వాను. “ఎంత తేలికగా ఉందో చూడు, అందుకే ప్రపంచమంతా వాయిస్తోంది” అన్నాడు. చివర్లో స స రి రి గ గ రి గ మ అని ఎక్కి, మధ్యమం మీద ఆగిపోతుంది. షడ్జానికి దిగదు. ఇంటికి రాకుండా గుమ్మంలో ఆగినట్టు ఉంటుంది చెవికి. ఆ సంగతి అడిగితే మామయ్య రీడు నోట్లోంచి తీసి, “నాకూ మొదట్లో అయిపోయిందని నమ్మబుద్ధయ్యేది కాదు. అందుకే ఆ మధ్యమాన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకునేవాణ్ణి” అన్నాడు.

కింద కారు చుట్టూ పిల్లలు వంగి ఫోను వెతుకుతున్నారు. మామ్మగారు ‘జయహే’ను ఇంకా పట్టుకునే ఉన్నారు.